హాల్లో నాలుగు మూలలా పాట: అటకెక్కిన క్వాడ్ రికార్డుల్ని ఇప్పుడు వినడం ఎలా

హైదరాబాద్‌లో హోమ్ థియేటర్ కొన్న ఇళ్ళు బోలెడు, అందులో పాటలు వినే ఇళ్ళు మాత్రం తక్కువ. కొత్తలో ఓ నాలుగు ఫైటింగ్ సినిమాలు పెట్టి సోఫా వణికిస్తారు, ఆ తర్వాత అదే బాక్స్‌లో న్యూస్ ఛానెల్ డిబేట్లు నడుస్తుంటాయి, వెనక స్పీకర్ల మీద దుమ్ము పేరుకుంటది, ఊడుస్తున్నప్పుడు ఎప్పుడో ఓ వైరు ఊడిపోయినా ఎవరికీ పట్టదు. సామాను ఉంది, వినాల్సిన సరుకు లేదు, అదీ సంగతి.

ఆ సరుకు ఉంది, మంచిది చాలానే ఉంది, కాకపోతే అందులో పెద్ద వాటా 1970ల నాటిది. క్వాడ్రాఫోనిక్ అంటారు, ముద్దుగా క్వాడ్. నాలుగు స్పీకర్లు, ముందు రెండు వెనక రెండు, మధ్యలో మీరు. అప్పట్లో అట్టర్ ఫ్లాప్. ఇప్పుడు వినడానికి మాత్రం అప్పటికన్నా వంద రెట్లు ఈజీ. నా మాట ముందే చెప్పేస్తా, కింద రాసేదంతా దాని చుట్టే తిరుగుతది: పాత క్వాడ్ మెషీన్ల వెంట పడకండి, పాత క్వాడ్ మిక్స్‌ల వెంట పడండి, మిక్స్ అంటే ఏ వాయిద్యం ఏ స్పీకర్లో మోగాలో పంచిపెట్టిన రికార్డింగ్. మెషీన్లు చచ్చిపోయాయి, మిక్స్‌లు బతికే ఉన్నాయి.

అసలు ఏం జరిగింది

1969లో అమెరికాలో వాన్‌గార్డ్ అనే రికార్డ్ కంపెనీ నాలుగు ఛానెళ్ళ ఓపెన్ రీల్ టేపులు తెచ్చింది, దేనికి దానికి విడి ట్రాక్, గొడవే లేదు. మరుసటి ఏడు ఆర్‌సీఏ వాళ్ళు అదే సంగతిని కార్లలో వాడే 8-ట్రాక్ టేపు కార్ట్రిడ్జ్‌లోకి దించారు, దాన్ని క్యూ8 అంటారు. కానీ జనం కొనేది ఎల్పీలు. ఎల్పీ గాడికి రెండే గోడలు, ఒకటి ఎడమ, ఒకటి కుడి. అందులోకి నాలుగు ఛానెళ్ళు ఎట్లా ఇరికించాలి? ఇక్కడే ఎవడి గోల వాడిదైపోయింది.

సీబీఎస్ వాళ్ళు ఎస్‌క్యూ అన్నారు, సాన్‌సూయి వాళ్ళు క్యూఎస్ అన్నారు. రెండూ మ్యాట్రిక్స్ పద్ధతులే, అంటే వెనక ఛానెళ్ళ ఫేజ్ మార్చి ముందు వాటిల్లోనే కలిపేస్తారు, ఇంట్లో డీకోడర్ మళ్ళీ విడదీయాలి. కలిపినంత సులువు కాదు విడదీయడం. మొదట్లో వచ్చిన చవక డీకోడర్లలో ముందు స్పీకరుకీ వెనక స్పీకరుకీ మధ్య సెపరేషన్ 3 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోయేది, అంటే ముందు మోగే గిటార్ వెనక కూడా దాదాపు అంతే మోగేది. లాజిక్ సర్క్యూట్లు పెట్టి తర్వాత బాగు చేశారు కానీ అప్పటికే షాపుకెళ్ళి విన్నవాడు పెదవి విరిచి వచ్చేశాడు.

జేవీసీ వాళ్ళది ఇంకో దారి, సీడీ-4. పేరు చూసి కాంపాక్ట్ డిస్క్ అనుకునేరు, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, ఇది ఎల్పీయే. గాడిలో మామూలు పాట ఎలాగూ ఉంటది, దాని పైన మన చెవికి అందని 30 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక క్యారియర్ పెట్టి, ముందు వెనకల తేడాని దాని మీద ఎక్కించారు, ఎఫ్ఎం రేడియో సిగ్నల్ లాగా. ఆ సిగ్నల్ దాదాపు 45 కిలోహెర్ట్జ్ దాకా పోతది. అంత సన్నటి గీతల్ని మామూలు గుండ్రటి సూది చదవలేదు, అందుకని జేవీసీలో షిబాటా అనే ఇంజనీర్ కొత్త ఆకారంలో సూది మొన తయారు చేశాడు. ఇవాళ టర్న్‌టేబుల్‌కి పెట్టే ఖరీదైన కార్ట్రిడ్జ్‌ల (సూది బిగించి ఉండే ముక్క) మీద షిబాటా అని పేరు కనిపిస్తది చూడండి, అది అక్కడ పుట్టిందే. ఫార్మాట్ పోయింది, సూది మిగిలింది.

ఇట్లా మూడు నాలుగు పద్ధతులు, ఒకదాని రికార్డు ఇంకోదాని డీకోడర్‌లో సరిగ్గా మోగదు. పైగా స్పీకర్లు డబుల్, ఆంప్లిఫయర్ డబుల్, వైర్లు హాలంతా. కొనేవాడు ఏది గెలుస్తదో చూద్దాంలే అని ఆగాడు, షాపువాడు రెండేసి రకాల స్టాక్ పెట్టలేక విసిగిపోయాడు, 1970ల చివరికి కంపెనీలన్నీ దుకాణం సర్దేశాయి.

సర్దేశాయి అన్నా ఐడియా ఎక్కడికీ పోలేదు. రెండు ట్రాకుల్లో నాలుగు ఛానెళ్ళు మడిచి పెట్టే ఆ మ్యాట్రిక్స్ లెక్కనే డాల్బీ వాళ్ళు 1970ల మధ్యలో సినిమా హాళ్ళకి పట్టుకెళ్ళారు, డాల్బీ స్టీరియో అంటే అదే, ముందు మూడు ఛానెళ్ళు, వెనక ఒక సరౌండ్. ఆ తర్వాత అదే ఇళ్ళలోకి ప్రో లాజిక్ పేరుతో వచ్చింది. మనవాళ్ళకి సరౌండ్ అంటే ఇల్లు కాదు థియేటరే, తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా సింహాసనం 1986లో ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండ్‌తో వచ్చింది, ఇంట్లో పాట నాలుగు వైపుల నుంచి వినొచ్చనే ఆలోచన మన దగ్గర అప్పుడు లేనే లేదు. మామూలు స్టీరియో ఉన్న ఇల్లే గొప్ప.

మరి ఆ రికార్డింగులు ఏమయ్యాయి

కొన్ని పోయాయి. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అక్కడ దాచిన మాస్టర్ టేపులు చాలా కాలిపోయాయి, ఆ సంగతి ఎంత పెద్దదో బయటికి వచ్చింది 2019లో. కాలనివి కూడా కొన్ని టేపులు తేమ పట్టి జిగటగా అయిపోతాయి, వాటిని ఓవెన్‌లో తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాత జాగ్రత్తగా ప్లే చేసి కాపీ తీసుకోవాలి. ఇంట్లో చేసే పని కాదు, లాబ్ పని.

బతికినవి మాత్రం ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తున్నాయి. నాకు బాగా నచ్చే కథ ఫిలిప్స్ వాళ్ళది. 1970లలో వాళ్ళు వెస్ట్రన్ క్లాసికల్ సంగీతం చాలా నాలుగు ఛానెళ్ళలో రికార్డు చేసి, ఎల్పీ మీద క్వాడ్ క్వాలిటీ నచ్చక ఆ నాలుగు ఛానెళ్ళ వెర్షన్ విడుదలే చెయ్యలేదు, స్టీరియోలోనే అమ్మారు. తర్వాత ఆ కంపెనీ పాతవాళ్ళే కొందరు పెంటాటోన్ అని లేబుల్ పెట్టి, ఆ టేపులు దులిపి సూపర్ ఆడియో సీడీల (మామూలు సీడీ కన్నా ఎక్కువ ఛానెళ్ళు పట్టే డిస్కులు) మీద నాలుగు ఛానెళ్ళలో విడుదల చేశారు. అంటే రికార్డు చేసిన ముప్ఫై ఏళ్ళకి జనం దాన్ని అసలు రూపంలో మొదటిసారి విన్నారన్నమాట.

ఇంగ్లాండ్‌లో డటన్ వొకాలియన్ వాళ్ళు సీబీఎస్, ఆర్‌సీఏ పాత క్వాడ్ ఆల్బమ్‌లు సూపర్ ఆడియో సీడీగా వేస్తున్నారు, తరచుగా ఒకే డిస్క్ మీద రెండేసి ఆల్బమ్‌లు. రైనో వాళ్ళు క్వాడియో పేరుతో బ్లూరే మీద తెస్తున్నారు. రాక్ ఇష్టమైతే పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్‌కి 1973లో ఇంజనీర్ అలన్ పార్సన్స్ చేసిన క్వాడ్ మిక్స్ ఉంది, అది 2011లో వచ్చిన పెద్ద బాక్స్ సెట్‌లో మళ్ళీ వచ్చింది. అందులో ఒక పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి కదా, అవి అసలు ఆ ఆల్బమ్ కోసం రికార్డు చేసినవి కాదు, పాత గడియారాల షాపులో క్వాడ్ డెమో కోసం అలన్ పార్సన్స్ ముందే రికార్డు చేసి పెట్టుకున్నవి. స్టీరియోలో అవి గోల. నాలుగు స్పీకర్లలో మీరు ఆ షాపు మధ్యలో నిల్చుంటారు.

హాలు సర్దుకోవడం

ఇక అసలు పని. ముందు ఒక దురభిప్రాయం తీసేసుకోండి, క్వాడ్‌కి 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) కొనక్కర్లేదు, 7.1 అసలు అక్కర్లేదు. మధ్యలో సెంటర్ స్పీకర్ ఉండదు, సబ్‌ఊఫర్‌కి విడి ఛానెల్ ఉండదు. నాలుగంటే నాలుగే. కానీ నాలుగూ ఒకే మోడల్ అయితే మంచిది, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. సినిమాల్లో వెనక వచ్చేది వాన చప్పుడో హెలికాప్టరో, అగ్గిపెట్టె అంత స్పీకర్లైనా నడుస్తది. క్వాడ్‌లో వెనక ఎడమ మూల నుంచి పూర్తి డ్రమ్స్ రావొచ్చు, కుడి వెనక నుంచి పియానో రావొచ్చు. అక్కడ చిన్న స్పీకర్ పెడితే పియానో టేబుల్ ఫ్యాన్ వెనక నుంచి వాయిస్తున్నట్టు ఉంటది. అదే బడ్జెట్‌లో ఏడు చెత్త స్పీకర్ల బదులు రెండు జతలు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. రియర్ స్పీకర్లు విడిగా లేని సౌండ్‌బార్ ఉంటే మాత్రం దీనికి అది లైట్ తీస్కోండి, గోడలకి కొట్టి వెనక్కి పంపే మాయ సినిమాకి సరిపోతదేమో గానీ దీనికి కుదరదు.

మన అపార్ట్‌మెంట్ హాళ్ళలో పెద్ద సమస్య సోఫా. అది గోడకి ఆనించే ఉంటది, ఎందుకంటే మధ్యలో దారి కావాలి, అటు పూజ గది, ఇటు బాల్కనీ. సోఫా గోడకి ఉంటే వెనక స్పీకర్లకి వెనక అనేదే ఉండదు. అందుకని పాట వినే టైమ్‌లో మటుకు ఒక కుర్చీ లాగి హాలు మధ్యలో వేసుకోండి, లేదంటే దివాన్ పరుపు తీసి కింద పరుచుకోండి. 12 బై 16 అడుగుల హాలు అనుకుందాం, అందులో మధ్యన 8 అడుగుల చదరం ఊహించుకుని నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెడితే, నట్టనడుమ కూర్చున్న మీకు ప్రతి స్పీకరూ దాదాపు 5.7 అడుగుల దూరంలో ఉంటది. అన్నీ సమాన దూరం, అన్నీ మీ ముఖం వైపు తిరిగి. సినిమా 5.1 లెక్క వేరు, మీ ముక్కు సూటి నుంచి లెక్కిస్తే అందులో వెనకవి దాదాపు మీ పక్కకి, 110 డిగ్రీల దగ్గర ఉంటాయి, క్వాడ్‌కి ఇంకా వెనక్కి 135 డిగ్రీల దాకా జరగాలి. రెండూ కావాలంటే మధ్యస్తంగా 120 దగ్గర పెట్టి సరిపెట్టుకోవచ్చు, పెద్దగా పాడవదు.

ఎత్తు: ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి శబ్దాలు ఇచ్చే చిన్న ముక్క) చెవి ఎత్తులో. కుర్చీలో కూర్చుంటే ఒక లెక్క, కింద కూర్చుంటే ఒక లెక్క, మీరు ఎట్లా వింటారో ముందు తేల్చుకుని స్టాండ్లు చేయించుకోండి. షోకేస్ పైన, బీరువా మీద, గోడకి పైన మేకు కొట్టి వేలాడదీసి పెట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు.

గదిలో చప్పట్లు కొట్టి చూడండి. టంగ్ మని సాగితే విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు, గాజు కిటికీ కలిసి మోగుతున్నట్టు. ఒక మందపాటి కార్పెట్ లేదా జంపఖానా, కిటికీలకి బరువైన కర్టెన్లు, వెనక గోడకి పుస్తకాల అర, ఇంతే చాలు. ఫోమ్ పలకలు అంటించి హాలుని స్టూడియో చెయ్యాల్సిన పని లేదు, ఇంట్లోవాళ్ళు ఊరుకోరు కూడా.

వైరు దగ్గర డబ్బు తగలెయ్యకండి. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఈ దూరాలకి బాగా సరిపోతది, కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే స్పీకర్ వైరు, బనానా ప్లగ్గులు, ఆడియో పిన్నులు అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి, నాలుగిట్లో ఏ ఒక్కటి తిరగబడినా క్వాడ్ మిక్స్ అంతా ఆగమాగం అయితది, శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో తెలీకుండా తల చుట్టూ తిరుగుతది. సెకండ్ హ్యాండ్ స్పీకర్ లోపల ఎవరైనా రిపేర్ చేసి వైర్లు తారుమారు చేశారేమో అని డౌట్ ఉంటే, ఆంప్ నుంచి వైర్లు తీసేసి 1.5 వోల్టుల పెన్ను బ్యాటరీ ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ని నల్ల దానికి ఒక్క క్షణం తాకించండి, ఊఫర్ కోన్ బయటికి వస్తే కరెక్ట్, లోపలికి పోతే రివర్స్.

రిసీవర్ మెనూలో చేసేది

రిసీవర్ అంటే స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే ఆంప్లిఫయర్ డబ్బా. అది కొత్తది కానక్కర్లేదు, హెచ్‌డీఎంఐ నుంచి ఆడియో తీసుకునే పాత 5.1 రిసీవర్ చాలు, జనం అట్మాస్ (పైన కూడా స్పీకర్లు పెట్టే కొత్త డాల్బీ సరౌండ్) మోజులో అవి తక్కువకే వదిలించుకుంటున్నారు. కొనేముందు ప్రతి ఛానెల్ విడివిడిగా మోగించి చూడండి, వెనక ఛానెల్ పోయినవి చాలా ఉంటాయి, అమ్మేవాడికే తెలీదు ఎందుకంటే వాడు ఎప్పుడూ విననేలేదు.

స్పీకర్ సెటప్‌లో సెంటర్ నన్ అని పెట్టండి. నాలుగూ కాస్త పెద్ద స్పీకర్లైతే అన్నీ లార్జ్, సబ్‌ఊఫర్ నన్. చిన్నవైతే అన్నీ స్మాల్, క్రాసోవర్ 80 హెర్ట్జ్, సబ్‌ఊఫర్ యెస్. అంతేగానీ ముందువి లార్జ్ వెనకవి స్మాల్ అని కలగాపులగం చెయ్యొద్దు. టేపుతో కొలిచి దూరాలు ఎక్కించండి. తర్వాత టెస్ట్ నాయిస్ వేసి, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఒకటి పెట్టుకుని మీ తల ఉండే చోట ప్రతి స్పీకర్ 75 డెసిబెల్స్ దగ్గర సమానంగా వచ్చేలా చూడండి. ఫోన్ యాప్ చూపించే నంబర్ కచ్చితంగా నిజం కాకపోవచ్చు, కానీ మనకి కావాల్సింది నాలుగూ సమానమా కాదా అన్నదే. మైక్ ఇచ్చే ఆటో కాలిబ్రేషన్ ఉంటే అదే వాడండి, కాకపోతే సీలింగ్ ఫ్యాన్ ఆపి, వంటింట్లో కుక్కర్ విజిల్స్ అయ్యాక మొదలుపెట్టండి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే చెడగొడతారు. రిసీవర్‌లో మూవీ, హాల్, జాజ్ క్లబ్, స్టేడియం అని మోడ్లు ఉంటాయి కదా, క్వాడ్ డిస్క్ పెట్టినప్పుడు అవన్నీ ఆఫ్. డైరెక్ట్ లేదా స్ట్రెయిట్ మోడ్. మిక్స్ చేసినాయన ఏది ఏ మూలలో పెట్టాలో ముందే నిర్ణయించాడు, మీ రిసీవర్ సలహా అక్కర్లేదు.

ప్లేయర్ విషయం. సూపర్ ఆడియో సీడీ కొని మామూలు డీవీడీ ప్లేయర్‌లో వేస్తే చాలా డిస్కుల్లో పాట వస్తది, కానీ అది పైన ఉన్న మామూలు సీడీ లేయర్, స్టీరియోనే. నాలుగు ఛానెళ్ళు కింది లేయర్‌లో ఉంటాయి, దాన్ని చదివే ప్లేయరే కావాలి. సోనీ బ్లూరే ప్లేయర్లలో కొన్ని మోడళ్ళు చదువుతాయి, కొనేముందు స్పెసిఫికేషన్‌లో ఆ మాట ఉందో లేదో చూడండి. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ వైరే వాడాలి, ఆప్టికల్ వైరులో డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కుదించిన సరౌండే పోతది, పూర్తి క్వాలిటీ నాలుగు ఛానెళ్ళు పట్టవు. పాత డీవీడీ-ఆడియో డిస్కులకి మాత్రం ఒక సదుపాయం ఉంది, చాలా వాటిల్లో మామూలు డీవీడీ భాగంలో కూడా డాల్బీయో డీటీఎసో సరౌండ్ ట్రాక్ ఉంటది, మూలన పడ్డ డీవీడీ ప్లేయర్‌కి ఆప్టికల్ వైరు పెట్టి మొదలుపెట్టొచ్చు. గుడ్డి కన్నా మెల్ల మేలు.

డిస్కులు మనకి ఇంపోర్టే, షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చిల్లు బాగానే పడుతది, కాబట్టి ఒకటి రెండు కొని చూడండి, నచ్చితే ముందుకెళ్ళండి. అసలు ఏమీ కొనకుండా రుచి చూడాలంటే ఆపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి డాల్బీ అట్మాస్ పాటలు ఉన్నాయి, ఈమధ్య తెలుగు సినిమా పాటలు కూడా కొన్ని వస్తున్నాయి, ఆపిల్ టీవీ 4కే బాక్స్ రిసీవర్‌కి పెడితే స్పీకర్లలోనే వినొచ్చు. వాటిల్లో మంచివీ ఉన్నాయి, ఊరికే పాత స్టీరియోని అటూ ఇటూ చల్లినవీ ఉన్నాయి. క్వాడ్ వాళ్ళకి ఉన్న తెగువ మాత్రం తక్కువ, వాళ్ళు కోరస్‌ని మొత్తంగా మీ వీపు వెనక నిలబెట్టేవారు.

అబిడ్స్‌లో పాత ఎల్పీ దొరికితే

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్యన, జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల కుప్పల్లో అప్పుడప్పుడూ విదేశీ ఎల్పీలు తగులుతాయి. కవర్ పైన క్వాడ్రాఫోనిక్ అని ఉందేమో, ఎస్‌క్యూ గుర్తో క్యూఎస్ గుర్తో ఉందేమో చూడండి. కొలంబియా (సీబీఎస్ వాళ్ళ లేబులే) క్వాడ్ కవర్ల చుట్టూ బంగారు రంగు అంచు ఉంటది, దూరం నుంచే తెలిసిపోతది. ఆర్‌సీఏ వాళ్ళది క్వాడ్రాడిస్క్ అని ఉంటే సీడీ-4.

ఎస్‌క్యూ, క్యూఎస్ ఎల్పీ అయితే ధైర్యంగా కొనండి, ఏ టర్న్‌టేబుల్ మీదైనా స్టీరియోగా వాయిస్తది. నాలుగు ఛానెళ్ళు కావాలంటే 1970ల సాన్‌సూయి డీకోడర్ కోసం వెతకడం కన్నా, ఆస్ట్రేలియాలో ఇన్‌వాల్వ్ ఆడియో వాళ్ళు ఇప్పటి కాలంలో తయారుచేసిన సరౌండ్ మాస్టర్ లాంటి డీకోడర్ నయం, లేదా ఎల్పీని కంప్యూటర్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసుకుని సాఫ్ట్‌వేర్‌తో విడదీసుకోవచ్చు. కార్ట్రిడ్జ్ కాస్త వంకరగా ఉన్నా, ఎడమ కుడి లెవెల్స్ తేడా ఉన్నా డీకోడింగ్ చెడిపోతది, ముందు అవి సరిచూసుకోండి.

సీడీ-4 వేరే లోకం. షిబాటా రకం సూది కావాలి, టర్న్‌టేబుల్ నుంచి వచ్చే వైరు కెపాసిటెన్స్ తక్కువ ఉండాలి, పైగా ఆ క్యారియర్ మీద ఎక్కించినదాన్ని విడదీసే డీమాడ్యులేటర్ కావాలి. ఇన్నీ సమకూర్చుకున్నా ఆ రికార్డుని గతంలో ఎవరో బరువు సూదితో అరగదీసి ఉంటే 30 కిలోహెర్ట్జ్ క్యారియర్ చెరిగిపోయి, వెనక స్పీకర్ల నుంచి పాట బదులు ఇసుక రాలుతున్నట్టు బరబరా వస్తది. చూడ్డానికి రికార్డు మెరుస్తూనే ఉంటది, కంటితో చెప్పలేం. మామూలు 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసుకుని తర్వాత చూద్దాం అనుకుంటే అదీ కుదరదు, ఆ రేటులో 22 పైన ఉన్నదంతా కత్తిరించుకుపోతది, క్యారియర్ మొత్తం గాయబ్. కవర్ బాగుందని గోడకి పెట్టుకోవడానికైతే కొనండి. క్యూ8 కార్ట్రిడ్జ్ అయితే లోపల ఫోమ్, రబ్బరు చక్రం ఈపాటికి జిగురైపోయి ఉంటాయి, అవి మార్చకుండా ప్లేయర్‌లో తోశారో టేపుని నమిలేస్తది.

ఎవరైనా అమెరికా నుంచో జపాన్ నుంచో పాత క్వాడ్ రిసీవర్ తెచ్చి అమ్ముతున్నారంటే, సాన్‌సూయి, మారంట్జ్ పేరు చూసి కళ్ళు చెదరకముందు దాని వెనక వోల్టేజ్ రాసి ఉంటది, అది చదవండి. జపాన్‌ది 100, అమెరికాది 120, మనది 230. సెలెక్టర్ స్విచ్ లేకపోతే ట్రూప్ బజార్‌లో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. టర్న్‌టేబుల్ అయితే ఇంకో తిరకాసు, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. 60 హెర్ట్జ్ కోసం చేసిన సింక్రనస్ మోటార్ మన 50 హెర్ట్జ్ మీద 33 ప్లస్ మూడో వంతు స్పీడ్ బదులు 28 కూడా తిరగదు, ఎవరు పాడినా నిద్రలో పాడినట్టు ఉంటది. క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ అయితే ఈ బాధ లేదు.

మన పాటల సంగతేంటి

తెలుగు సినిమా పాటలకి క్వాడ్ మిక్స్‌లు వెతక్కండి, ఉన్న స్టీరియోనే నాలుగు స్పీకర్లకి పంచుకోవచ్చు. రిసీవర్‌లో ప్రో లాజిక్ 2 మ్యూజిక్ మోడ్ ఉంటే అది వాడండి, దాన్ని తయారుచేసింది జిమ్ ఫాస్‌గేట్ అనే ఆయన, ఆయన క్వాడ్ రోజుల నుంచీ డీకోడర్లే చేస్తూ వచ్చిన మనిషి. కొత్త రిసీవర్లలో డాల్బీ సరౌండ్ అని ఉంటది. పైన వద్దన్న మోడ్లకీ వీటికీ తేడా ఏంటంటే ఇవి కొత్తగా ప్రతిధ్వని కలపవు, పాటలో ఉన్నదాన్నే విడదీస్తాయి.

రిసీవరే లేదు, పాత స్టీరియో ఆంప్ ఉంది అంటారా, 1970ల మొదట్లో డైనాకో అనే ఆంప్లిఫయర్ కంపెనీ పెట్టిన డేవిడ్ హాఫ్లర్ చూపించిన చిట్కా ఉంది, డీకోడర్ ఖర్చు సున్నా. వెనక రెండు స్పీకర్లూ 8 ఓమ్స్‌వి తీసుకోండి. ఎడమ వెనక స్పీకర్ ప్లస్‌ని ఆంప్ ఎడమ ప్లస్‌కి, కుడి వెనక దాని ప్లస్‌ని ఆంప్ కుడి ప్లస్‌కి కలపండి, రెండు వెనక స్పీకర్ల మైనస్‌లూ ఒకదానికొకటి కలిపేయండి, ఆంప్ నెగటివ్‌కి ఏమీ పోదు. ముందు స్పీకర్లు ఎప్పట్లాగే. రెండు ఛానెళ్ళ నెగటివ్ ఒకే గ్రౌండ్‌గా ఉన్న పాత రకం ఆంప్ మీదే ఇది చెయ్యాలి, బ్రిడ్జ్ అవుట్‌పుట్ ఉండే చిన్న క్లాస్-డి బ్లూటూత్ బోర్డుల మీద, కార్ ఆంప్‌ల మీద వద్దు.

ఇప్పుడు వెనక వచ్చేది ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే. 1980ల బాలు గారి స్టీరియో పాట ఒకటి పెట్టి వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టండి, రెండు ఛానెళ్ళలో సమానంగా ఉన్న గొంతు దాదాపు మాయమైపోయి దాని వెనక తిరిగే ఎకో, పక్కల నుంచి వయొలిన్లు, కోరస్ మిగులుతాయి. కుర్చీలోకి వచ్చి కూర్చుంటే గొంతు ముందు గట్టిగా నిలబడి, మిగతాదంతా చుట్టూ పరుచుకుంటది. ఘంటసాల గారి మోనో ఎల్పీ పెడితే ఇంకా తమాషా, పాటంతా ముందే ఉండిపోతది, రెండు వైపులా ఒకటే సిగ్నల్ కాబట్టి వెనక పాట రాదు, దుమ్ము చిటపటలు మాత్రం వెనక్కి చేరతాయి. మోనో పాటని తర్వాత ఎవరో యంత్రంతో స్టీరియో చేసి అమ్మితే అదీ ఇక్కడే పట్టుబడుతది, వెనక నుంచి డొల్ల డొల్లగా గొంతు వినిపిస్తది.

ఈ పద్ధతికి ఫైల్ మాత్రం మంచిది కావాలి. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3లో డేటా మిగిల్చడానికి ముందు కోత పెట్టేది ఈ తేడా సిగ్నల్‌కే, ముందు స్పీకర్లలో బాగానే ఉన్న పాట వెనక నీళ్ళలో మునిగి తేలుతున్నట్టు గుడగుడలాడుతుంటే వైరింగ్ మీద అనుమానపడకండి, అదే పాట ఒరిజినల్ సీడీ నుంచో లాస్‌లెస్ స్ట్రీమింగ్ నుంచో పెట్టి మళ్ళీ వినండి.